త్రాసు ముందు విశ్వాసి

మనిషి దైవభీతిని పరీక్షించే చోటు మసీదు ఒక్కటే అయి ఉంటే ఆ పరీక్ష చాలా సులువుగా ఉండేది. అక్కడ కుడి పక్క నిలబడినవాడూ నమాజు చేస్తున్నాడు, ఎడమ పక్క నిలబడినవాడూ చేస్తున్నాడు. అబద్ధమాడవలసిన అవసరం గాని, ఆడితే వచ్చే లాభం గాని అక్కడ లేదు. సలాం చెప్పి, చెప్పులు తొడుక్కొని, బజారుకు వెళ్ళి దుకాణం తలుపు తీసిన తర్వాతనే అసలు పరీక్ష మొదలవుతుంది. త్రాసు చేతికి వస్తుంది. సరుకులోని లోపం కొనేవానికి తెలియదు, అమ్మేవానికి తెలుసు. ఒకరికి తెలిసి ఒకరికి తెలియని ఆ కొద్దిపాటి చోటులోనే విశ్వాసం నిలబడుతుంది, లేదా కూలిపోతుంది.

దివ్యఖుర్ఆన్ హూద్ సూరాలో హజ్రత్ షుఐబ్ (అలైహి) వృత్తాంతం ఉంది. మద్‌యన్ ప్రజలు వర్తకులు. ఒక్క అల్లాహ్‌నే ఆరాధించమని బోధించిన ఆ ప్రవక్త, దానితోపాటే తూనికలు కొలతలు తగ్గించవద్దని కూడా హెచ్చరించారు. అందుకు ఆ ప్రజలు ఆయనను ఎగతాళి చేశారు. తమ సొత్తును తమ ఇష్టం వచ్చినట్లు వాడుకోవటాన్ని మాన్పించమని నీ నమాజు నీకు ఆదేశిస్తున్నదా అన్న అర్థం వచ్చేట్లు ప్రశ్నించారు. ఆ ఎగతాళిలో ఒక సిద్ధాంతం దాగి ఉంది: నమాజు ఒక ఖాతా, సొమ్ము మరొక ఖాతా, ఒకదాని లెక్క మరొకదానిలోకి రాకూడదు. ఈ సిద్ధాంతం మద్‌యన్‌తో అంతరించిపోలేదు. ప్రతి ఊరి బజారులోనూ అది బతికే ఉంది. దీనికి ఇస్లాం ఇచ్చే సమాధానం ఏమిటో, రాయలసీమలోని మూడు ఊళ్ళను ఎదుట పెట్టుకొని పరిశీలించటం ఈ వ్యాసం ఉద్దేశం.

ధర్మవరం నుంచి బెంగుళూరు వైపు సాగే రైలు మార్గంలో పెనుకొండ, ఆ తర్వాత హిందూపురం తగులుతాయి. ఈ మూడూ చిరకాలం అనంతపురం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరాయి. వానలు తక్కువ, కరువులు ఎక్కువ అయిన ప్రాంతం ఇది. ఒక ఊరు అంగడికి, ఒక ఊరు మగ్గానికి, ఒక ఊరు గత రాజ్యవైభవానికి పేరు పొందాయి. విశ్వాసికి ఎదురయ్యే మూడు విధాల ఒత్తిళ్ళను ఈ మూడు ఊళ్ళలో స్పష్టంగా చూడవచ్చును.

అమానత్ అనే మాట

ఉర్దూ తెలిసిన ఇళ్ళలో 'అమానత్' అంటే ఒకరు దాచిపెట్టమని ఇచ్చిన వస్తువు. అరబీలో ఈ మాటకూ 'ఈమాన్' అనే మాటకూ మూలధాతువు ఒక్కటే. నమ్మకం, భద్రత, నిర్భయం అనే భావాలన్నీ ఆ ధాతువు నుంచి పుట్టినవే. అంటే ఎవరి వద్ద ఇతరుల ప్రాణానికి, పరువుకు, సొమ్ముకు భద్రత ఉంటుందో అతడే విశ్వాసి అనిపించుకోవటానికి తగినవాడన్న మాట. అమానత్‌లను వాటి హక్కుదారులకు అప్పగించమని నిసా సూరా ఆదేశిస్తున్నది. ఆ హక్కుదారు ముస్లిం అయి ఉండాలనిగాని, మిత్రుడై ఉండాలనిగాని అక్కడ షరతు లేదు.

దైవప్రవక్త (స) జీవితం దీనికి గొప్ప వ్యాఖ్యానం. ప్రవక్త పదవికి ముందే మక్కా ప్రజలు ఆయనను 'అల్ అమీన్' అని పిలిచేవారు. ఆ తర్వాత వారే ఆయనకు బద్ధశత్రువులయ్యారు. అయినా తమ విలువైన వస్తువులను ఆయన వద్ద దాచుకోవటం మాత్రం మానలేదు! 622లో ఖురైషులు ఆయనను హతమార్చటానికి పన్నాగం పన్నిన రాత్రి, మక్కా విడిచి వెళుతూ ఆయన హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచారు. ప్రజల అమానత్‌లను ఎవరివి వారికి అప్పగించిన తర్వాతనే మదీనాకు రావలసిందని చెప్పారు. ముస్లింల ఇళ్ళను, ఆస్తులను కాజేసినవారి వస్తువులవి. వాటిని ఉంచుకుంటే పరిహారంగా సరిపోతుందని వాదించటం కష్టమేమీ కాదు. అయినా ఆయన అలా వాదించలేదు. ఎదుటివాడు చేసిన అన్యాయం తన చేతిలోని అమానత్‌ను హలాల్ చేయదని ఆ రాత్రి రుజువైంది.

ధార్మిక విద్వాంసులు అమానత్‌ను ఇంకా విశాలంగా గ్రహించారు. చేసే ఉద్యోగం అమానత్, చెప్పిన రహస్యం అమానత్, అడిగిన సలహా అమానత్, అమ్మే సరుకును గురించి తెలిసిన నిజం అమానత్.

హిందూపురం అంగడి

హిందూపురం బెల్లానికి, చింతపండుకు, మిరపకాయలకు పేరుపడిన మార్కెట్టు. ఇక్కడి పట్టుగూళ్ళ మార్కెట్టుకు ఎక్కడెక్కడి రైతులో సరుకు తెస్తారు. పట్టుగూడు వ్యాపారంలోని ఒత్తిడిని గమనించండి. గూటిలోని పురుగు కొద్దిరోజులలో చిలుకగా మారుతుంది. అది గూటిని తొలుచుకొని బయటికి వస్తే దారం ఏకధాటిగా రాదు, గూడు పనికిమాలినదవుతుంది. కనుక రైతు ధర వచ్చే వరకు సరుకును ఇంట్లో నిలవ పెట్టుకోలేడు. నెల రోజులు మల్బరీ ఆకు కోసి, రాత్రింబవళ్ళు పురుగులను కాచుకొన్న రైతు, తెచ్చిన గూళ్ళను తిరిగి తీసుకుపోలేక నిలబడి ఉంటాడు. అతని తొందర కొనేవానికి తెలుసు. ఒక మనిషి నిస్సహాయత మరొక మనిషికి లాభంగా మారే అవకాశం ఇక్కడ పుడుతుంది.

ఇటువంటి సందర్భాల కోసమే అన్నట్లు దైవప్రవక్త (స) కొన్ని నిషేధాలు విధించారు. వాటిలో మూడు ఇక్కడ ముఖ్యమైనవి.

మొదటిది: సరుకుతో వచ్చే బిడారుకు ఊరి బయటనే ఎదురువెళ్ళి, అంగడి ధర తెలియక మునుపే కొనివేయటాన్ని ఆయన నిషేధించారు. అలా మోసపోయిన సరుకుదారు అంగడికి వచ్చి ధర తెలుసుకొన్న తర్వాత ఆ బేరాన్ని రద్దు చేసుకొనే హక్కు కూడా హదీసులో ఉంది. పల్లెకు వెళ్ళి, మార్కెట్టులో ధర పడిపోయిందని అబద్ధం చెప్పి, చెట్టు మీది చింతకాయను చౌకగా బేరమాడే దలారీకి ఈ హదీసు నేరుగా వర్తిస్తుంది.

రెండవది: వేలం పాటలో కొనే ఉద్దేశం లేకుండానే, ఇతరులను ముందుకు నెట్టటానికి ధర పెంచటం. దీనిని 'నజష్' అంటారు. ఇది నిషిద్ధం. దీనికి ఎదురు మోసం కూడా ఉంది. కొనేవారందరూ లోపల కూడబలుక్కొని పాట పెరగకుండా చూడటం అది. 1328లో మరణించిన ఇమాం ఇబ్నె తైమియా అంగళ్ళ పర్యవేక్షణను గురించిన తన 'అల్ హిస్బా' గ్రంథంలో ఇటువంటి కూటములను తప్పుపట్టారు.

మూడవది: లోపాన్ని దాచటం. మదీనా అంగడిలో దైవప్రవక్త (స) ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వాన తడిపిందని వర్తకుడు చెప్పాడు. అది నిజమే అయి ఉండవచ్చు. వాన పడటం అతని నేరం కాదు. కాని తడిసిన ధాన్యాన్ని అడుగున వేసి, పొడి ధాన్యాన్ని పైన పరచటం అతని పనే. జనం చూసేట్లు తడిదాన్ని పైన ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు. మోసగించేవానికి తనతో సంబంధం లేదని తేల్చి చెప్పారు. నష్టం దైవనిర్ణయం వల్ల వచ్చినా, దానిని తెలియనివాని నెత్తిన రుద్దే అధికారం ఎవరికీ లేదన్నది ఈ సంఘటనలోని సూక్ష్మం. గింజ తీయని చింతపండును గింజ తీసినదానితో కలిపేవాడు, తూకం పెరగటానికి సరుకు మీద నీళ్ళు చల్లేవాడు, తరుగు పేరుతో న్యాయమైనదానికన్నా ఎక్కువ కోసుకొనేవాడు, వీరందరూ ఆ రాశి పక్కన నిలబడినవారే.

తూకంలో తగ్గించేవారి పేరనే ఖుర్ఆన్‌లో ఒక సూరా ఉంది: అల్ ముతఫ్ఫిఫీన్. తీసుకొనేటప్పుడు నిండుగా తీసుకొని, ఇచ్చేటప్పుడు తగ్గించి ఇచ్చేవారికి అందులో వినాశపు హెచ్చరిక ఉంది. వెంటనే, వారు తిరిగి లేపబడే మహాదినాన్ని గురించి తలచటం లేదా అనే ప్రశ్న వస్తుంది. చేతిలోని త్రాసుకూ పరలోకపు త్రాసుకూ ఉన్న సంబంధం అది. గ్రాము తగ్గించటం కొనేవానికి కనిపించకపోవచ్చును. ప్రళయదినం మీద నిజంగా నమ్మకం ఉన్నవానికి మాత్రం కనిపించక తప్పదు.

ధర్మవరం మగ్గం

ధర్మవరం పట్టుచీర దేశమంతా ఎరిగినది. భౌగోళిక గుర్తింపు కూడా పొందినది. మగవారు అచ్చమైన పట్టు తొడగరాదని, స్త్రీలు తొడగవచ్చునని షరీఅత్ నియమం. కనుక పట్టు నేయటం, అమ్మటం ధర్మసమ్మతమైన జీవనోపాధులే.

ఇక్కడి పరీక్ష రెండు విధాలుగా ఉంటుంది. ఒకటి సరుకును గురించిన నిజం. అసలు జరీ అంటే పట్టు దారానికి వెండి తీగ చుట్టి బంగారు పూత పూసినది. రాగి తీగతో చేసిన జరీ వేరు, ప్లాస్టిక్ పొరతో చేసిన జరీ వేరు. అన్నింటికీ కొనేవారున్నారు. చౌక జరీతో నేయటం పాపం కాదు. దానిని అసలు జరీ అని చెప్పి అమ్మటం పాపం. మరమగ్గం మీద నేసిన చీర అమ్మి, చేతిమగ్గం ధర వసూలు చేయటమూ అటువంటిదే. చేతి నేతను కాపాడటానికి కొన్ని రకాలను చేనేతకే ప్రత్యేకించుతూ 1985లో కేంద్రం చట్టం చేసింది. పట్టు స్వచ్ఛతకు 2004 నుంచి సిల్క్ మార్క్ అనే ముద్ర కూడా ఉంది. దారపు కొసను కాల్చి చూస్తే అసలు పట్టు వెంట్రుక కాలిన వాసన కొట్టి బూడిదవుతుంది, పాలిస్టరు కరిగి ముద్దకడుతుంది. కాని పెళ్ళికి చీర కొనవచ్చినవారు దుకాణంలో దారం కాల్చి చూడరు. వారు మనిషి మాటను నమ్మి కొంటారు.

ఈ విషయంలో ఇమామె ఆజం అబూ హనీఫా (రహ్మ) జీవితం మరువరానిది. ఫిఖాలో కోట్లాది ముస్లింలకు మార్గదర్శి అయిన ఆయన, కూఫా నగరంలో పట్టు కలిసిన 'ఖజ్' అనే వస్త్రాల వర్తకుడు. ఒకసారి తమ భాగస్వామి హఫ్స్ బిన్ అబ్దుర్రహ్మాన్‌కు సరుకు పంపుతూ, ఫలానా బట్టలో లోపం ఉంది, అమ్మేటప్పుడు ఆ సంగతి చెప్పమని తెలియజేశారు. హఫ్స్ మరచిపోయి చెప్పకుండా అమ్మివేశారు. కొన్నవారెవరో కూడా గుర్తులేదు. ఇమాం ఆ సరుకు మీద వచ్చిన సొమ్మంతా దానం చేసివేశారని చరిత్రకారులు వ్రాశారు. మరొకసారి ఒక స్త్రీ తన పట్టువస్త్రాన్ని నూరు దిర్హములకు అమ్మజూపితే, దాని విలువ అంతకన్నా ఎక్కువని ఆయనే చెప్పారు. ఆమె నూరు నూరుగా పెంచుతూ నాలుగు వందల వరకు వచ్చి, తనను పరిహాసం చేస్తున్నారేమో అనుకొన్నది. చివరకు ఆయన విలువ కట్టించి అయిదు వందలకు కొన్నారు. అమ్మేటప్పుడు తన సరుకులోని లోపం చెప్పటం ఒక ఎత్తు. కొనేటప్పుడు ఎదుటివారి సరుకులోని మేలిమిని చెప్పటం మరొక ఎత్తు.

రెండవ పరీక్ష కూలికి, అప్పుకు సంబంధించినది. సొంత పెట్టుబడి లేని నేతగాడు షావుకారు వద్ద పట్టు, జరీ తెచ్చుకొని నేసి ఇస్తాడు; చీరకు ఇంత అని కూలి తీసుకొంటాడు. చేతికి ఇచ్చిన నూలు అతని వద్ద అమానత్. ఆ అమానత్ రెండు వైపులా ఉంటుంది. నేతగాని నెలరోజుల శ్రమ షావుకారు చేతిలో అమానత్. చిన్న మచ్చను సాకుగా చూపి కూలి కోసేవాడు, నూలు దాచుకొన్న నేతగానికన్నా తక్కువ దోషి కాడు; నిజానికి అతని దోషమే ఎక్కువ, ఎందుకంటే అతనికి ఆకలి లేదు. శ్రామికుని చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ప్రవక్త (స) బోధ అందరికీ కంఠస్థమే. అది కూలి లెక్కల పుస్తకంలోకి దిగటమే కష్టంగా ఉంది. ముడిపట్టు ధర పెరిగి, చీర అమ్ముడుపోక, వడ్డీ మీద వడ్డీ పెరిగి, ధర్మవరం నేతగాళ్ళు ప్రాణాలు తీసుకొన్న వార్తలు ఎన్నోసార్లు వచ్చాయి. వడ్డీని ఖుర్ఆన్ ఎందుకంత కఠినంగా నిషేధించిందో తెలుసుకోవటానికి ఆ ఇళ్ళ గడప తొక్కితే చాలు.

పెనుకొండ శిథిలాలు

1565లో విజయనగరం పతనమైన తర్వాత ఆ రాజ్యానికి పెనుకొండ రాజధాని అయింది. కొండ మీద కోట, కింద గగన్ మహల్, షేర్‌ఖాన్ మసీదు నేటికీ చూడవచ్చును. హజ్రత్ బాబా ఫక్రుద్దీన్ దర్గా ఇక్కడనే ఉంది. హిందువులు ఆయనను బాబయ్య స్వామి అంటారు. ఆయన సీస్తాన్ దేశపు రాజరికాన్ని విడిచిపెట్టి వచ్చారని సంప్రదాయం చెబుతున్నది. సమాధి వద్దకు వచ్చేవారు కోరికలు తీరాలని వస్తారు. కోరదగినదాన్ని వదలి వచ్చిన మనిషి అక్కడ ఉన్నాడన్న సంగతి తక్కువమందికి గుర్తు వస్తుంది.

అధికారం, ఖజానా తెచ్చే ఒత్తిడి ఇక్కడి జనం నోట మరొక కథగా కూడా మిగిలింది. పెనుకొండలో రాజు ఖజానాను చూసిన విరూపణ్ణ, ఆ సొమ్మును అనుమతి లేకుండా లేపాక్షి గుడికి ఖర్చు పెట్టాడన్న నింద మోసి కళ్ళు పోగొట్టుకొన్నాడని అంటారు. కథలో నిజమెంత అన్నది అటుంచితే, అది లేవనెత్తే ప్రశ్న గట్టిది: మంచి పనికైనా సరే, తనది కాని సొమ్మును వాడవచ్చునా? ఇస్లాం జవాబు స్పష్టం. హరామ్ సొమ్ముతో చేసిన దానం అల్లాహ్ వద్ద అంగీకారం పొందదు. 717 నుంచి 720 వరకు పాలించిన ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ ప్రభుత్వపు పని ముగిసి సొంత మాట మొదలుకాగానే ప్రభుత్వపు దీపం ఆర్పించి తన దీపం వెలిగించుకొన్నారన్న వృత్తాంతం ప్రసిద్ధం. వక్ఫ్ భూమిని చూసే ముతవల్లీ, మసీదు చందా పుస్తకం పట్టుకొన్న కార్యదర్శి, మదరసా భవనం కట్టించే కంట్రాక్టరు, కార్యాలయంలో ఫైలు కదిపే గుమాస్తా, అందరి ముందూ ఆ రెండు దీపాలున్నాయి.

పెనుకొండ ఇప్పుడు పాత రాజధాని మాత్రమే కాదు. సమీపంలోని ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించింది. కర్మాగారం వచ్చిన చోట భూమి ధర పెరుగుతుంది. అన్నదమ్ముల పంపకాలలో అక్కచెల్లెళ్ళ వాటా మరుగున పడే ప్రమాదం కూడా పెరుగుతుంది. బంజరుగా ఉన్నప్పుడు ఎవరికీ పట్టని చెల్లెలి వాటా, ఎకరానికి లక్షలు పలికినప్పుడు చేదవుతుంది. ఆ వాటాను అల్లాహ్ స్వయంగా నిసా సూరాలో నిర్ణయించాడు. అన్న నమాజు ఎంత నిజమో ఆ రిజిస్ట్రేషన్ కాగితం చెబుతుంది.

అవసరం అనే సాకు

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. పిల్లలు ఆకలితో ఉన్నారు, అప్పులవాడు గుమ్మంలో ఉన్నాడు, పక్క దుకాణంవాడు కల్తీ చేసి చౌకగా అమ్ముతున్నాడు. ఇటువంటప్పుడు నిజాయితీ సాధ్యమా? ఇది తేలికగా కొట్టివేయదగిన ప్రశ్న కాదు. షరీఅత్ కూడా దీనిని కొట్టివేయలేదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు నిషిద్ధాహారం తినటానికి కూడా ఖుర్ఆన్ అనుమతించింది. కాని ఫిఖా పండితులు దీనికి ఒక హద్దు గీశారు: ఒకరి గత్యంతరం లేని స్థితి మరొకరి హక్కును రద్దు చేయదు. ఉస్మానియా ప్రభుత్వం 1869 నుంచి 1876 వరకు క్రోడీకరించిన 'మజల్లా' అనే శాసనసంపుటిలో ఇది ఒక మూలసూత్రం. ఆకలితో చచ్చిపోయేవాడు ఇతరుల రొట్టె తిని ప్రాణం నిలుపుకోవచ్చును. తర్వాత దాని వెల మాత్రం చెల్లించాలి. అవసరం పాపభారాన్ని తీసివేయవచ్చును గాని, బాకీని తీసివేయదు.

అయితే ఈ సూత్రాన్ని బీదవాని ముందు చదివి చేతులు దులుపుకోవటం కూడా అమానత్‌లో ద్రోహమే. కష్టంలో ఉన్న బాకీదారుకు వెసులుబాటు కలిగేవరకు గడువు ఇవ్వమని, మాఫీ చేస్తే మరీ మంచిదని బఖరా సూరా చెబుతున్నది. జకాత్ హక్కుదారులలో అప్పులలో మునిగినవారు ఒక వర్గమని తౌబా సూరా చెబుతున్నది. అంటే నిజాయితీగా బతకజూసి నష్టపోయినవాని బరువును పంచుకోవటం సమాజం మీద విధి. అందుకు మార్గాలు కొత్తవేమీ కావు. ప్రతి మహల్లాలో జకాత్‌ను సామూహికంగా వసూలు చేయటం. మగ్గానికి నూలు, దుకాణానికి సరుకు కొనుక్కోవటానికి వడ్డీ లేని ఖర్జె హసన్ ఇవ్వటం. ఇచ్చిన ప్రతి అప్పునూ ఖుర్ఆన్‌లోని అతి పెద్ద ఆయత్ ఆదేశించినట్లు సాక్షులతో వ్రాసుకోవటం. నిజం చెప్పి అమ్మే దుకాణానికి, రెండు రూపాయలు ఎక్కువైనా సరే, వెళ్ళి కొనటం. ఈ చివరిదానికి సంస్థ అవసరం లేదు, సభ అవసరం లేదు. నిజాయితీగల వర్తకుణ్ణి పొగిడి, కల్తీ వర్తకుని వద్ద కొనే సమాజం తన పొగడ్తను తానే అబద్ధం చేసుకొంటున్నది.

నిజమైన దివాలాదారు ఎవరో ఒకసారి దైవప్రవక్త (స) సహాబాలకు వివరించారు. నమాజులు, ఉపవాసాలు, జకాత్ వెంట తెచ్చుకొని తీర్పుదినాన నిలబడిన మనిషి అతడు. కాని అతడు ఒకరిని తిట్టాడు, ఒకరి సొమ్ము తిన్నాడు, ఒకరిని కొట్టాడు. బాధితులు ఒక్కొక్కరే వచ్చి అతని పుణ్యాలను తీసుకుపోతారు. పుణ్యాలు అయిపోయినా బాకీలు తీరవు. వారి పాపాలు తెచ్చి అతని నెత్తిన వేస్తారు. ఇంతకన్నా వర్తకునికి సులభంగా అర్థమయ్యే ఉపమానం లేదు. నమాజు ఖాతా, సొమ్ము ఖాతా వేరువేరని మద్‌యన్ ప్రజలు అనుకొన్నారు. తీర్పుదినాన ఆ రెండూ ఒకే పుస్తకంలో తేలుతాయి. సత్యవంతుడు, అమీన్ అయిన వర్తకుడు ఆనాడు ప్రవక్తలతో, సత్యసంధులతో, షహీదులతో ఉంటాడన్న శుభవార్త కూడా హదీసులో ఉంది.

హిందూపురంలో గూళ్ళ బుట్ట త్రాసు మీదికి ఎక్కినప్పుడు, ధర్మవరంలో చీర మడత విప్పి ఇది అసలు జరీయేనా అని కొనేవారు అడిగినప్పుడు, పెనుకొండలో చెల్లెలి సంతకం కోసం కాగితం ముందుకు జరిపినప్పుడు, అజాన్ వినిపించకపోయినా ఒక ఇబాదత్ వేళ అయింది. దానికి వుజూ చేతులకు కాదు, లెక్కకు. ఆ వేళ తప్పిపోకుండా నెరవేర్చుకొనే భాగ్యాన్ని అల్లాహ్ అందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.